మనసు బాగోలేని ఇంటికి ప్రార్థనా మందిరం ఏం చేయగలదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: దాదాపు 200 కుటుంబాలున్న ప్రార్థనా మందిరం మీది. దిగులుతో, తాగుడుతో, చచ్చిపోవాలన్న ఆలోచనలతో నలుగుతున్న ఇళ్లు ఈ మధ్య కంటపడుతున్నాయి. మీలో డాక్టర్లు లేరు, నిధులు అంతంతమాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చేయకూడదు, సాయం మనవాళ్లకేనా, చుట్టుపక్కల వాళ్లకు కూడానా? గుడికైనా మసీదుకైనా చర్చికైనా జవాబు చాలావరకు ఒకటే కాబట్టి అన్నిటికీ కలిపే రాస్తున్నాను.

మీ మందిరం చిన్నపాటి ఆసుపత్రి కానక్కర్లేదు, కాకూడదు కూడా. కానీ ఆసుపత్రికి లేనిది ఒకటి మీకుంది. ప్రతి వారం వచ్చే మనిషి ఈ వారం రాలేదన్న సంగతి మీకు తెలుస్తుంది. సైకియాట్రిస్టు నెలకోసారి కాసేపు చూస్తారు. మందులు మానేయడం, తలుపు వేసుకుని కూర్చోవడం, నిద్ర పట్టకపోవడం లాంటివన్నీ మిగతా రోజుల్లో జరుగుతాయి. మీ పని ఆ మిగతా రోజుల్లో ఉంది: గమనించడం, తోడుండడం, సరైన చోటికి చేర్చడం, చేర్చాక వదిలేయకపోవడం. రోగానికి పేరు పెట్టడం, మందు చెప్పడం మీ పని కాదు.

మామూలు మనుషులు ఇది చేయగలరా అన్న సందేహం వద్దు. 1953లో లండన్‌లో చాద్ వారా అనే ఆంగ్లికన్ పాస్టరు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు ఫోన్ చేయడానికి తన చర్చి నుంచి ఒక లైను మొదలుపెట్టారు. ఆయనతో మాట్లాడేందుకు వచ్చి వరుసలో కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చి పక్కన కూర్చోవడానికి కొందరు వాలంటీర్లు ఉండేవారు. వాళ్లతో మాట్లాడాక చాలామందికి లోపలికి వెళ్లే అవసరమే కనిపించలేదు. మరుసటి ఏడాదికల్లా వినే పనిని ఆయన వాలంటీర్లకే అప్పగించారు. సమారిటన్స్ సంస్థ అలా పుట్టింది. జింబాబ్వేలో ఫ్రెండ్‌షిప్ బెంచ్ కూడా అలాంటిదే. శిక్షణ పొందిన పెద్ద వయసు ఆడవాళ్లు క్లినిక్ ఆవరణలో బల్ల మీద కూర్చుని, ఒక్కో మనిషితో సుమారు 6 సార్లు మాట్లాడి, సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని దారి వెతకడంలో సాయపడతారు. హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు సేవలు మాత్రమే అందినవాళ్ల కంటే బెంచి దగ్గర కూర్చున్నవాళ్లలో దిగులు, ఆందోళన బాగా తక్కువగా ఉన్నాయి. అయితే ఆ పెద్దమ్మలకు శిక్షణ ఉంది, వెనక పర్యవేక్షణ ఉంది, బరువైన కేసును పైకి పంపే దారి ఉంది. ఆ మూడూ లేకుండా ఒక్క బల్ల వేస్తే ఏమీ జరగదు.

మొదటి మూడు నెలలు ఏమీ ప్రకటించకండి. ముందు 4 నుంచి 6 మందిని ఎంచుకోండి. అనర్గళంగా మాట్లాడేవాళ్ల కంటే, ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డు రానివాళ్లు కావాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ ఉండాలి. మానసిక జబ్బుతో బతికి కోలుకున్నవారు గానీ, అలాంటివారిని ఇంట్లో చూసుకున్నవారు గానీ ఒకరైనా ఉంటే మిగతావాళ్లకు తట్టని విషయాలు వాళ్లకు తడతాయి. ఈ బృందానికి సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ (కష్టంలో ఉన్న మనిషి మనసుకు ముందుగా అందించే ప్రథమ సాయం) శిక్షణ ఇప్పించండి, అది ఒక రోజులో అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శి దీనికి సరిపోతుంది. అందులోని పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు: చూడు, విను, కలుపు.

తర్వాత ఒక కాగితం తయారు చేయండి. దగ్గర్లో సైకియాట్రిస్టు ఏ ఆసుపత్రిలో, ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు కూర్చుంటారు, చీటీ ఎక్కడ రాస్తారు, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది, రాత్రిపూట అత్యవసరమైతే ఏ గేటు దగ్గరికి వెళ్లాలి, తాగుడు మాన్పించే చోటు ఏది, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లకు ఆశ్రయం ఎక్కడ, మీ దేశంలోని హెల్ప్‌లైన్ నంబరు ఏది. ప్రతి నంబరుకూ మీరే ఫోన్ చేసి చూడండి. మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. గోడ మీద అంటించిన నంబర్లలో ఒక్కటి పలకకపోయినా, ఎంతో కష్టం మీద ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేసిన మనిషి రెండోసారి చేయడు. ఆసుపత్రికి ఇద్దరు స్వయంగా వెళ్లి, ‘ఇలా మనుషులను తీసుకొస్తుంటాం, ఎవరిని కలవాలి?’ అని అడిగి, సోషల్ వర్కరో నర్సో ఒకరిని పరిచయం చేసుకోండి. ఈ ఒక్క పరిచయం పది పోస్టర్ల పెట్టు.

ఇక వేదిక మీద నుంచి వచ్చే మాట. దీనికి పైసా ఖర్చు లేదు, ప్రభావం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. ‘మాత్రలు వేసుకోవడం విశ్వాసం తగ్గడం కాదు, ప్రార్థనా చేయండి, డాక్టర్ దగ్గరికీ వెళ్లండి’ అని మీ పూజారి గానీ ఇమాము గానీ పాస్టరు గానీ ఏడాదికి మూడు నాలుగు సార్లయినా అందరి ముందూ చెప్పాలి. డిప్రెషన్‌ను పాపానికో, శాపానికో, భక్తి లోపానికో ముడిపెట్టే ఒక్క ప్రసంగం చాలు, ఆ హాల్లో కూర్చున్న రోగులంతా నోరు మూసుకుంటారు. ‘పిచ్చి’ అన్న మాట నవ్వులాటకైనా వాడకండి. ‘ఫలానా ఆయనకు మనసు బాగోలేదు, అందరూ ప్రార్థించండి’ అని పేరు చదవడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. కానీ ఆ మనిషి ఉద్యోగం, పిల్లల పెళ్లి సంబంధాలు దానితో ముడిపడి ఉండొచ్చు. వారి నోటితో వారు సరేనంటే తప్ప పేరు బయటికి రాకూడదు.

మాట్లాడే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చోండి. ఫోన్ కనిపించకుండా పెట్టండి. 40 నిమిషాలు చాలు, గంట దాటితే ఇద్దరూ అలసిపోతారు. ‘ఏమైంది?’ అన్నది విచారణలా వినిపిస్తుంది. ‘ఈ మధ్య రోజులు ఎలా గడుస్తున్నాయి? నిద్ర పడుతోందా?’ అని మొదలుపెడితే ఎక్కువమంది చెబుతారు. విన్నదాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి, సరిగా అర్థమైందో లేదో వాళ్లే సరిదిద్దుతారు. ‘కష్టాలు ఎవరికి లేవు’, ‘నీకంటే ఘోరంగా ఉన్నవాళ్లను చూడు’, ‘దేవుడు మోయగలిగినంతే ఇస్తాడు’ అన్నవి ఓదార్పు మాటల్లా ఉంటాయి గానీ, సంభాషణను అక్కడికక్కడే ఆపేస్తాయి. గ్రంథంలోని వాక్యం చదవాలనిపిస్తే ముందు అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. ప్రార్థన కూడా అంతే.

గోప్యత సంగతి మొదట్లోనే తేల్చండి: ‘మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని తెలిసినా, పిల్లలకు హాని జరుగుతోందని తెలిసినా మాత్రం నేను దాచలేను.’ ఇది ముందు చెప్పకుండా ‘ఒట్టు, ఎవరికీ చెప్పను’ అన్నారంటే, తర్వాత మాట తప్పాలి, లేదా మనిషిని పోగొట్టుకోవాలి.

ఆత్మహత్య గురించి సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందికి ఉంది. అది నిజం కాదు, అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు తేల్చాయి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని ఆ మాటతోనే అడగండి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అంటే లేదనే జవాబు మీరే నోట్లో పెట్టినట్టు. అవునంటే, ఎలా అన్నది కూడా ఆలోచించారా, అందుకు కావలసినవి దగ్గర ఉన్నాయా, ఎప్పుడన్నది అనుకున్నారా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా అని నెమ్మదిగా అడగండి. పద్ధతి, సాధనం, సమయం అనుకుని ఉన్నారంటే ఆ మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఒకరు పక్కన ఉండాలి, మరొకరు ఇంట్లోవాళ్లకు చెప్పి పురుగుల మందు, మాత్రల నిల్వ, తుపాకీ లాంటివి ఇంటి నుంచి బయటికి పంపించాలి. బీరువాలో దాచితే సరిపోదు. అదే రోజు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. సాధనాన్ని దూరం చేయడం తాత్కాలికం కదా అనిపించవచ్చు. కానీ చచ్చిపోవాలన్న తీవ్రత చాలామందిలో అలలా లేచి తగ్గుతుంది, ఆ కొద్ది గంటలు దాటించడమే ప్రాణం నిలపడం.

ఇప్పుడు మతాచారాలతో ముడిపడిన ప్రమాదాలు. డాక్టర్లు వీటి గురించి అడగరు, పెద్దలకు జబ్బుల సంగతి తెలియదు, నడుమ మనిషి దెబ్బతింటాడు. అందుకే దీన్ని మీ బృందం తప్పక చదవాలి.

ఉపవాసం: బైపోలార్ జబ్బుకు (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహంలోకి, అంటే ఉన్మాద దశలోకి, కొన్నాళ్లు తీవ్రమైన దిగులులోకి ఊగే జబ్బు) లిథియం అనే మందు వాడేవారు నీళ్లు మానేసినా, ఉప్పు బాగా తగ్గించినా రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మందులు వాడే ప్రతివారూ ఉపవాసాలకు రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ని కలవాలని ప్రకటించండి, అప్పుడు మాత్ర వేసుకునే వేళలు మార్చే వీలుంటుంది. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు చాలా మతాల్లో ఉంది. ఆ మాట డాక్టర్ నోటి నుంచి కంటే మతపెద్ద నోటి నుంచి వస్తే మనిషి తప్పు చేస్తున్నానన్న బాధ లేకుండా తింటాడు.

జాగరణ: బైపోలార్ ఉన్నవారికి ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం కూడా ఉన్మాద దశను రేపగలదు. రాత్రంతా జరిగే ఆరాధనకు వాళ్లు సాయంత్రం వచ్చి వేళకు ఇంటికి వెళ్లి పడుకునే ఏర్పాటు చేయండి. రెండు మూడు రోజులుగా నిద్ర లేకున్నా అలసట లేకుండా, గడగడా మాట్లాడుతూ, డబ్బు పంచేస్తూ, తనకు ప్రత్యేక దైవ సందేశం వచ్చిందంటున్న మనిషిని చూసి భక్తి పొంగిందని మురిసిపోకండి. డాక్టర్‌కి చూపించండి.

తాగుడు మానతానని ప్రమాణం: ప్రమాణం మంచిదే. కానీ ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే, చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య చెమటలు, జ్వరం, తీవ్రమైన వణుకు, లేనివి కనిపించడం, ఎక్కడున్నానో తెలియకపోవడం మొదలవచ్చు. ప్రాణం పోయే స్థితి అది. ‘దయ్యం వదులుతోంది’ అని కట్టేసి కూర్చోబెట్టిన మనిషికి నిజానికి అత్యవసర వైద్యం కావాలి. ప్రమాణం చేయించే ముందే అడగండి: రోజూ తాగుతారా, ఉదయం లేవగానే చేతులు వణుకుతాయా, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఒక్కదానికి అవునన్నా ముందు ఆసుపత్రి, డాక్టర్ చేతి మీదుగా మానడం, ఆ తర్వాత ప్రమాణం.

పాపభీతి: కొందరు ఒకే పాపాన్ని పదే పదే ఒప్పుకుంటారు, ప్రార్థన సరిగా పలకలేదని మళ్లీ మొదటి నుంచి చేస్తారు, శుద్ధి సరిపోలేదని గంటల తరబడి కడుక్కుంటారు, దేవుణ్ణి తిట్టినట్టు ఆలోచన వచ్చిందని వణికిపోతారు. ఇది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) పట్టే రూపాల్లో ఒకటి. పెద్దలు దయతో ప్రతిసారీ ‘నువ్వు క్షమించబడ్డావు, భయం లేదు’ అంటుంటారు. ఆ ధైర్యం కాసేపే నిలుస్తుంది, తర్వాత సందేహం ఇంకా బలంగా వస్తుంది. ఒకసారి జవాబిచ్చి, ‘ఇదే ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పను, ఎందుకంటే అది నీ జబ్బుకు మేత’ అని ప్రేమగా ఆపి, చికిత్సకు పంపాలి. వీలైతే థెరపిస్టుతో మతపెద్ద స్వయంగా మాట్లాడి, ఆచారం ఎక్కడిదాకా, జబ్బు ఎక్కడి నుంచి అన్న గీత గీయడంలో సాయపడాలి.

గొలుసులు, కొట్టడం: దీనికి ఏ మినహాయింపూ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గరి ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. ఘానాలో ఒక ప్రార్థనా శిబిరంలో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. అక్కడ ప్రార్థనలతో పాటు మందులు కూడా ఇచ్చారు. రోగుల లక్షణాలు తగ్గాయి, కానీ వాళ్లు గొలుసుల్లో గడిపిన రోజులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంటే మందు తన పని చేసినా గొలుసు విప్పాల్సింది మనుషులే. ఆ నిర్ణయం డాక్టర్‌ది కాదు, మందిరం పెద్దలది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పంపాలి? రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి నిద్ర, తిండి, పని దెబ్బతింటే పంపండి. ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నా, తనను చంపడానికి చూస్తున్నారని నమ్ముతున్నా పంపండి. ప్రసవమైన కొద్ది రోజుల్లో, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో, తల్లి నిద్ర లేకుండా, అయోమయంగా, వింతగా మాట్లాడుతుంటే అది అదే రోజు చూపించాల్సిన అత్యవసర స్థితి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి. పెద్దవాళ్లలో హఠాత్తుగా, గంటల్లో, లేదా జ్వరంతో పాటు మతి చెదిరితే అది ఎక్కువగా శరీరంలోని జబ్బే, మామూలు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పంపడమంటే నంబరు ఇవ్వడం కాదు. అపాయింట్‌మెంట్ తీసుకోవడం, వెంట వెళ్లడం, వరుసలో పక్కన కూర్చోవడం. ముందు రోజే ఒక కాగితం మీద ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఏం తింటున్నారు, ఇప్పుడు వాడే మందులేమిటి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని రాసుకుంటే డాక్టర్ చూసే ఆ పది నిమిషాలు వృథా కావు. లోపలికి మీరూ రావాలా వద్దా అన్నది రోగి ఇష్టం.

ఆ తర్వాతే అసలు తోడు కావాలి. డిప్రెషన్ మందులు పని మొదలుపెట్టడానికి మామూలుగా 2 నుంచి 4 వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. వికారం, మగత లాంటి దుష్ప్రభావాలు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. లాభం కనిపించకముందే నష్టం కనిపించడంతో చాలామంది అక్కడే మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు, ‘తగ్గిపోయింది కదా’ అని ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అందుకే పలకరింపులకు తేదీలు రాసిపెట్టుకోండి: మూడో రోజు, వారం, మూడో వారం, ఆరో వారం, మూడో నెల, ఆరో నెల. మొదటి వారం అందరూ వస్తారు. మూడో వారానికి ఎవరూ ఉండరు. మీరు అప్పుడు తలుపు తట్టాలి. ‘స్వస్థత కలిగింది, మాత్రలు పారేయ్’ అని ఎవరు అన్నా, ఎంత పెద్దవారైనా, బృందం గట్టిగా అడ్డుచెప్పాలి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా వస్తాయి.

చుట్టుపక్కల వాళ్ల విషయానికి వస్తే, అందరికీ తెరవండి, అయితే షరతు లేకుండా. సాయం తీసుకునే గంటలో మత ప్రచారం ఉండదు, చేరమని అడగడం ఉండదు, కరపత్రం కూడా ఉండదు. దీన్ని కమిటీ తీర్మానంగా రాసి హాలు గోడకు పెట్టండి. లేకపోతే ఇరుగుపొరుగు నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే. నిస్సహాయ స్థితిలో ఉన్న మనిషి చెప్పే ‘సరే’కు విలువ లేదు. దగ్గర్లో వేరే మతాల మందిరాలుంటే సేవల కాగితాన్ని కలిసి తయారు చేసుకోండి, సొంత మందిరంలో చెప్పుకోలేని మాట కొందరు పక్క మందిరంలో చెప్పుకుంటారు.

ఏం చేయాలన్నదానికి పెద్ద పథకాలు వద్దు. రోగిని చూసుకునేవాళ్లకు వారానికి రెండు గంటల విరామం ఇవ్వండి: మీవాళ్లు ఇద్దరు వెళ్లి రోగి దగ్గర కూర్చుంటే ఆ తల్లో భార్యో బయటికి వెళ్లొస్తుంది. ఆసుపత్రి రోజున పిల్లల్ని చూసుకోండి, దరఖాస్తులు నింపి పెట్టండి. ఖాళీగా ఉండే హాలును వారంలో ఒక మధ్యాహ్నం తెరిచి, ఏ కార్యక్రమమూ లేకుండా కూర్చునే చోటుగా ఉంచండి. బెల్జియంలోని గీల్ పట్టణంలో మధ్యయుగాల్లో సెయింట్ డింఫ్నా చర్చికి యాత్రికులుగా వచ్చిన మానసిక రోగులకు చోటు చాలక ఊరి కుటుంబాలు తమ ఇళ్లలో ఉంచుకున్నాయి. ఆ పద్ధతి వైద్యసేవతో కలిసి ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఇళ్లవాళ్లు డాక్టర్లు కారు. ఇంట్లో ఒక చోటు, చేయడానికి ఒక పని ఇచ్చారు.

ఆత్మహత్య జరిగిన ఇల్లుంటే అంత్యక్రియలు మిగతావాళ్లకు జరిగినట్టే జరగాలి. ఎలా చనిపోయారన్నది వర్ణించకండి, త్యాగంలా పొగడకండి, నరకమని శపించకండి. ఆ ఇంటివాళ్లలోనూ ముప్పు పెరుగుతుంది కాబట్టి నెలలపాటు, ముఖ్యంగా మొదటి ఏడాది తిరిగొచ్చే తేదీన, మనుషులు వెళ్లాలి.

సాయం చేసేవాళ్లకు హద్దులు కావాలి. ఒక్కొక్కరికి రెండు మూడు కుటుంబాలకు మించి వద్దు. ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లాలి. సొంత డబ్బు అప్పివ్వకూడదు, బాగు పడేదాకా అర్ధరాత్రి ఫోన్లన్నీ ఒక్కరే ఎత్తకూడదు. నెలకోసారి గంటసేపు బృందం కూర్చుని, పేర్లు లేకుండా, ఏది బరువుగా ఉందో చెప్పుకోవాలి, వీలైతే ఆసుపత్రిలో పరిచయమైన ఆ సోషల్ వర్కర్‌ని పిలవాలి. రాతపూర్వకంగా ఉంచేది తేదీ, తర్వాత వెళ్లాల్సిన తేదీ, అంతే. జబ్బు వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం పూర్తిగా నిషేధం. మతపెద్ద మీదే ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలో, మందిరం బయటి వ్యక్తి ఒకరి పేరు ముందే ప్రకటించి ఉంచండి.

చివరగా, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మనిషి మళ్లీ మందిరానికి వచ్చే మొదటి రోజు. చుట్టూ మూగి ‘ఇప్పుడు బాగున్నారా’ అని అడగకండి. మందుల వల్ల మగతగా ఉండవచ్చు, ప్రార్థన మధ్యలో కునుకు తీసినా, లేచి బయటికి వెళ్లొచ్చినా ఎవరూ తిరిగి చూడకూడదు. తలుపు దగ్గర చోటు ఉంచండి. అంతకుముందు వారు ఏ పని చేసేవారో, చాపలు పరచడమైనా, పుస్తకాలు అందించడమైనా, అందులో సగం పనికి రెండో వారమో మూడో వారమో పిలవండి.